750 లీటర్ల బ్యాచ్‌కి హైడ్రోజన్ ఎందుకు అందలేదు: అసిటోఫినోన్ హైడ్రోజనేషన్ మీద ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ శివారులోని ఒక చిన్న యూనిట్‌లో నేను ప్రాసెస్ ఇంజనీర్‌గా ఉన్నప్పటి సంగతి ఇది. అసిటోఫినోన్ అనే కీటోన్‌ను 5 శాతం పల్లేడియం కార్బన్ (కార్బన్ పొడి మీద పల్లేడియం లోహం ఉన్న క్యాటలిస్ట్) మీద హైడ్రోజనేషన్ చేసి, అంటే హైడ్రోజన్ కలిపి, 1-ఫినైల్ ఇథనాల్ అనే ఆల్కహాల్ తయారు చేసేవాళ్లం. దాన్ని కొనే పార్టీ అసిటేట్‌గా మార్చి సెంట్ల తయారీకి అమ్ముకునేది. ఆ అసిటేట్‌కి గార్డీనియా పువ్వు వాసన ఉంటుంది. సెంట్ల వాళ్లకి ముక్కే మొదటి పరీక్ష. మన సరుకులో కీటోన్ కొంచెం మిగిలినా వాళ్లు వాసనతోనే పట్టేస్తారు.

రియాక్షన్ చూడడానికి చాలా సింపుల్. ఒక కీటోన్, ఒక హైడ్రోజన్ అణువు, ఒక ఆల్కహాల్. మొదటి నాలుగు బ్యాచ్‌లు చక్కగా వచ్చాయి. అయిదో బ్యాచ్ నుంచి నాలుగున్నర గంటల పని పది గంటలకు పాకింది. మనకు అక్కర్లేని ఉప ఉత్పత్తి ఇథైల్ బెంజీన్ 1.1 శాతం నుంచి 7.5 శాతానికి ఎగబాకింది. అంతసేపు నడిపినా కీటోన్ 0.9 శాతం మిగిలిపోయింది. పార్టీ అడిగింది 0.5 శాతం లోపు. క్యాటలిస్ట్ చెడ్డదని అందరం ఒక్క మాటగా తేల్చేశాం. అందులో సగమే నిజం. మిగతా సగం దొరకడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఇలాంటి వెసెల్ (రియాక్షన్ నడిపే పాత్ర) ముందు నిలబడే వాళ్లకి ఆ మూడు వారాలు కలిసిరావాలని ఇది రాస్తున్నాను.

ఈ కీటోన్‌తో చిక్కు ఎక్కడ

అసిటోఫినోన్ 202 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మనకు కావలసిన ఆల్కహాల్ 204 డిగ్రీల దగ్గర. మామూలు కాలమ్‌తో ఈ రెండింటినీ విడదీయడం అయ్యే పని కాదు. కాబట్టి కీటోన్‌ను రియాక్టర్‌లోనే పూర్తిగా ఖాళీ చేయాలి, తర్వాత డిస్టిలేషన్‌లో చూసుకుందాం అనుకోవడానికి లేదు. ఇథైల్ బెంజీన్ మరిగేది 136 డిగ్రీల దగ్గర, మొదటి కట్‌లోనే పోతుంది. దాంతో స్పెసిఫికేషన్‌కి ఇబ్బంది లేదు. కానీ అలా పోయేది మన సరుకే.

ఆల్కహాల్ తయారయ్యాక పల్లేడియం అక్కడితో ఆగదు. బెంజీన్ రింగు పక్క కార్బన్‌కి ఉన్న ఓహెచ్‌ను తెంచి అక్కడ హైడ్రోజన్ పెట్టేస్తుంది. మిగిలేది ఇథైల్ బెంజీన్. కీటోన్ చాలినంత ఉన్నంతసేపు లోహం ఉపరితలాన్ని అదే ఆక్రమించుకుని ఆల్కహాల్‌ను దూరంగా ఉంచుతుంది. కీటోన్ అయిపోవచ్చే కొద్దీ ఆ కాపలా సడలుతుంది, ఆల్కహాల్ లోహం మీదకి చేరుతుంది. అందుకే ఈ రియాక్షన్‌లో ఆఖరి అరగంటకే విలువ ఎక్కువ. ముందు ఆపితే కీటోన్ మిగులుతుంది, ఆలస్యం చేస్తే ఆల్కహాల్ పోతుంది.

అలాంటప్పుడు వేరే లోహం వాడొచ్చు కదా అని ఆర్ అండ్ డీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. అసిటోన్, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటి మామూలు కీటోన్ల మీద పల్లేడియం బద్ధకంగా పని చేస్తుంది. అక్కడ నికెల్, రుథేనియం, ప్లాటినం చురుకు. రుథేనియం కార్బన్‌ నీళ్లలో ఇంకా బాగా నడుస్తుంది. ఫినాల్ తయారీలో వెంట వచ్చే అసిటోన్‌ను ఐసోప్రోపనాల్‌గా మార్చే ప్లాంట్లలో నికెల్‌ను వాడడం మామూలే. సన్నటి పొడి లోహాలతో హైడ్రోజనేషన్ చేయవచ్చని చూపించి 1912లో నోబెల్ అందుకున్న ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ సబాటియర్ ఎక్కువగా నమ్ముకున్నదీ నికెల్‌నే. కానీ రింగు పక్కనే కీటోన్ ఉన్నప్పుడు లెక్క మారుతుంది. మేం రుథేనియం కార్బన్‌తో ల్యాబ్‌లో చూశాం. కీటోన్‌తో పాటు రింగు కూడా హైడ్రోజన్ పట్టేసి సైక్లోహెక్సైల్ ఇథనాల్ వచ్చింది. రోడియం కూడా రింగును వదలదు. కాపర్ క్రోమైట్ రింగు జోలికి పోదు. ప్రొపిలీన్ ఆక్సైడ్, స్టైరీన్ రెండింటినీ జంటగా తయారు చేసే పెద్ద ప్లాంట్లలో అసిటోఫినోన్‌ను ఆల్కహాల్ చేసేది రాగి ఆధారిత క్యాటలిస్ట్‌లతోనే. కానీ వాటికి కావలసిన వేడి, ప్రెషర్ మా వెసెల్‌కి లేవు. మాది 10 కేజీల (చదరపు సెంటీమీటరుకి) ప్రెషర్‌కి డిజైన్ చేసిన 1,000 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ హైడ్రోజనేటర్. ఉన్న వెసెల్‌లో తక్కువ వేడికి నడిచేది పల్లేడియమే.

ఒకే వారంలో రెండు మార్పులు

మొదటి నాలుగు బ్యాచ్‌లకు ఒక్కోసారి 120 కేజీల అసిటోఫినోన్, 480 లీటర్ల మిథనాల్ వేశాం. మొత్తం సుమారు 600 లీటర్లు. కీటోన్ బరువులో 1 శాతం క్యాటలిస్ట్, అదీ ఎండు లెక్కన. సగం నీళ్లతో తడిగా వస్తుంది కాబట్టి తూచేది 2.4 కేజీలు. 50 డిగ్రీలు, 5 కేజీల హైడ్రోజన్ ప్రెషర్.

ఆర్డర్ పెరిగింది. వెసెల్‌లో ఖాళీ ఉంది కదా అని ప్రొడక్షన్ వాళ్లు అయిదో బ్యాచ్ నుంచి అన్నీ పాతిక శాతం పెంచారు. 150 కేజీల కీటోన్, 600 లీటర్ల మిథనాల్, సుమారు 750 లీటర్ల బ్యాచ్. బ్యాచ్ షీట్ మీద సంతకం పెట్టింది నేనే. 1,000 లీటర్ల వెసెల్‌లో 75 శాతం నింపడం తప్పని ఎవరికీ అనిపించలేదు. అదే వారం పాత క్యాటలిస్ట్ అయిపోయి కొత్త లాట్ డ్రమ్ము తెరిచాం.

ఈ రెండూ వేర్వేరు నెలల్లో జరిగి ఉంటే ఈ కేసు ఒక్క రోజులో తేలిపోయేది. కలిసి రావడంతో కంటికి కనిపించిన మార్పు మీదకే అందరి వేలూ వెళ్లింది. కొత్త లాట్ నంబరు బ్యాచ్ షీట్‌లో ఎర్ర సిరాతో ఉంటుంది. లీటర్లు పెరిగిన సంగతి అంకెల మధ్య కలిసిపోతుంది.

ముడిసరుకు మీద కూడా అనుమానం వచ్చింది. డిసెంబర్ నెల అది. అసిటోఫినోన్ 20 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. తెల్లారేసరికి డ్రమ్ముల్లో సగం గడ్డ, సగం ద్రవం. అలాంటి డ్రమ్ము నుంచి పై ద్రవం మాత్రమే తోడితే, మలినాలన్నీ ఆ ద్రవంలోనే పోగుపడి ఉంటాయి. డ్రమ్ములను పూర్తిగా కరిగించి, కలిపి, శాంపిల్ తీసి జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ, ఏ పదార్థం ఎంత ఉందో గ్రాఫ్‌లో పీక్‌లుగా చూపే పరీక్ష) చేయించాం. ప్యూరిటీ, యాసిడ్ విలువ రెండూ మామూలే. ఆ దారి మూసేశాం. వెసెల్‌లో నైట్రోజన్ మిగిలిపోయి హైడ్రోజన్ వాటా తగ్గిందేమో అని లాగ్ కూడా చూశాం. ప్రతిసారీ 3 కేజీల దాకా హైడ్రోజన్ ఎక్కించి వదలడం మూడుసార్లు చేశారు. ఒక్కోసారికి నైట్రోజన్ నాలుగో వంతుకు పడిపోతుంది, మూడుసార్లకు 64వ వంతు. అదీ కాదు.

జీసీలో ఒక చిన్న పీక్

కొత్త లాట్ నిజంగానే వేరని చెప్పింది ఇథైల్ బెంజీన్ కాదు. దానికి కొంచెం తర్వాత వచ్చే ఒక పీక్. పాత బ్యాచ్‌ల్లో అది లేదు. అయిదో బ్యాచ్‌లో 1.4 శాతం ఉంది. క్యూసీ వాళ్లు దాన్ని 'తెలియని మలినం' కింద రాసి వదిలేశారు. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణుభారం చూపిస్తే 136 వచ్చింది. మన ఆల్కహాల్‌కి మిథనాల్ తగులుకుని ఏర్పడే మిథైల్ ఈథర్ అది.

మిథనాల్‌లో ఈ ఆల్కహాల్ దానంతటది ఈథర్ అవ్వదు. యాసిడ్ ఉండాలి. మేం యాసిడ్ ఎక్కడా వేయలేదు. మిగిలింది క్యాటలిస్టే. చాలా పల్లేడియం కార్బన్‌లు పల్లేడియం క్లోరైడ్ నుంచే తయారవుతాయి. చివర్లో కడగడం తగ్గితే క్లోరైడ్ కార్బన్ రంధ్రాల్లో ఉండిపోతుంది. హైడ్రోజన్ తగలగానే అది హైడ్రోక్లోరిక్ యాసిడ్‌గా బయటకి వస్తుంది.

పరీక్ష చాలా తేలిక, ఏ ల్యాబ్‌లోనైనా అరగంట పని. 5 గ్రాముల క్యాటలిస్ట్‌ను 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట తిప్పి, వడకట్టి, ఆ నీటి పీహెచ్ చూడాలి. పాత లాట్ శాంపిల్ బాటిల్ ఒకటి మిగిలి ఉంది. దాని నీరు 6.8 చూపించింది, కొత్తది 3.1. కొత్త లాట్ నీటిలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయగానే తెల్లగా పాలలా మారింది. ఆ రోజు ల్యాబ్‌లో మా ఆనందం చెప్పలేను. దొంగ దొరికాడనుకున్నాం.

యాసిడ్ ఉంటే ఇథైల్ బెంజీన్‌కి రెండో దారి తెరుచుకుంటుంది. ఆల్కహాల్ నుంచి నీరు ఊడిపోయి స్టైరీన్ అవుతుంది. పల్లేడియం దగ్గర స్టైరీన్ ఒక్క క్షణం కూడా నిలవదు, వెంటనే ఇథైల్ బెంజీన్ అయిపోతుంది. అందుకే జీసీలో స్టైరీన్ ఎప్పుడూ కనిపించలేదు.

మందు కూడా తేలికే, యాసిడ్‌కి విరుగుడుగా కొంచెం బేస్ వేయడం. ముందు ట్రైఇథైల్ అమీన్ ప్రయత్నించాం. పని చేసింది. కానీ సెంట్ల పార్టీకి అమీన్ వాసన అంటిన సరుకు పంపే ధైర్యం నాకు లేదు. సోడియం బైకార్బనేట్ పొడిని క్యాటలిస్ట్‌తో పాటే వేశాం. ల్యాబ్‌లో కొత్త లాట్‌తో ఇథైల్ బెంజీన్ 2.6 శాతం నుంచి 0.8 శాతానికి పడిపోయింది, ఈథర్ మాయమైంది. మూడు గంటల రియాక్షన్ ఇరవై నిమిషాలు ఎక్కువ తీసుకుంది, అంతే.

ఎనిమిదో బ్యాచ్‌ను ప్లాంట్‌లో బైకార్బనేట్ వేసి నడిపాం. ఈథర్ పోయింది. ఇథైల్ బెంజీన్ 2.8 శాతానికి దిగింది. కానీ టైమ్ మాత్రం పది గంటలే. కీటోన్ 0.8 శాతం. ఆ రాత్రి నాకు అసలు టెన్షన్ మొదలైంది. ల్యాబ్‌లో మూడు గంటల్లో అయ్యే పని ప్లాంట్‌లో పది గంటలు తీసుకుంటోంది, మా దగ్గర ఉన్న ఒక్క అనుమానితుడినీ అప్పటికే పట్టుకున్నాం.

"చప్పుడు రావట్లేదు సార్"

దారి చూపింది హైడ్రోజనేషన్ బ్లాక్‌లో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న ఆపరేటర్. వయసులో నాకంటే పెద్దాయన, నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. తొమ్మిదో బ్యాచ్‌కి ముందు ఆయన పక్కన కూర్చుని అడిగాను. "అన్నా, మొదటి నాలుగు బ్యాచ్‌లకీ ఇప్పటికీ నీకు తేడా ఏం కనబడ్డది?"

"కనబడుడు కాదు సార్, వినబడుడు. మొదట్ల షాఫ్ట్ తిరుగుతుంటే లోపల గుడగుడమని గాలి గుంజే చప్పుడొచ్చేది. ఇప్పుడు చప్పుడు రావట్లేదు సార్. మెత్తగ తిరుగుతుంది."

నేను ఆ మాట వెంటనే అందుకోలేదు. బేరింగ్ గురించి చెబుతున్నాడనుకున్నాను. మెయింటెనెన్స్ వాళ్లను పిలిచి బేరింగ్, సీల్ చూపించాను. అంతా బాగుంది. నాలుగు రోజుల తర్వాత డ్రాయింగ్ ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆ మాట తలకెక్కింది.

మా వెసెల్‌లో ఉన్నది గ్యాస్‌ను పీల్చే రకం అజిటేటర్, అంటే ద్రవాన్ని కలిపే యంత్రం. షాఫ్ట్ బోలుగా ఉంటుంది. పై భాగంలో, ద్రవం పైన ఖాళీలో, రంధ్రాలు ఉంటాయి. అడుగున ఇంపెల్లర్ (రెక్కల చక్రం) వేగంగా తిరిగితే అక్కడ ప్రెషర్ తగ్గి, పైన ఉన్న హైడ్రోజన్‌ను షాఫ్ట్ గొట్టం గుండా కిందకి లాగి బుడగలుగా చిమ్ముతుంది. ఆ గుడగుడ అదే. డ్రాయింగ్‌లో రంధ్రాల ఎత్తుని లీటర్ల లెక్కలోకి మార్చి చూశాను. 680 లీటర్ల గుర్తు దగ్గర ఉన్నాయి. 600 లీటర్ల బ్యాచ్‌లో అవి ద్రవానికి బెత్తెడు పైన ఉంటాయి. 750 లీటర్ల బ్యాచ్‌లో దాదాపు బెత్తెడు లోతున మునిగిపోతాయి. మునిగితే షాఫ్ట్ పీల్చేది హైడ్రోజన్‌ను కాదు, మిథనాల్‌నే. ద్రవం ద్రవంలోనే తిరుగుతుంది. హైడ్రోజన్ లోపలికి పోయే దారి ఇక పై ఉపరితలం ఒక్కటే.

సైట్ గ్లాస్‌లో లైటు వేసి చూస్తే అదే కనిపించింది. పైన నీళ్ల తొట్టిలా ప్రశాంతంగా ఉంది. నురగ లేదు, బుడగ లేదు.

లెక్కలో చూస్తే

హైడ్రోజన్ ద్రవాల్లో ఎంత తక్కువ కరుగుతుందో చాలామంది అంచనా వేయరు. మిథనాల్‌లో ఒక బార్ హైడ్రోజన్ ప్రెషర్‌కి లీటరుకి దాదాపు 4 మిల్లీమోల్స్ (మోల్ అంటే అణువుల సంఖ్యను లెక్కించే కొలత). మా వెసెల్‌లో గేజ్ మీద 5 కేజీలు అంటే అసలు ప్రెషర్ 6 బార్ దాకా. అందులో 50 డిగ్రీల దగ్గర మిథనాల్ ఆవిరి వాటా అర బార్ పైనే. హైడ్రోజన్‌కి మిగిలేది 5.3 బార్. అంటే లీటరుకి సుమారు 21 మిల్లీమోల్స్. అదే లీటరులో ఉన్న కీటోన్ 1,660 మిల్లీమోల్స్. ఏ క్షణంలో చూసినా వెసెల్‌లో కరిగి ఉన్న హైడ్రోజన్ మొత్తం పనికి ఎనభయ్యో వంతు మాత్రమే. మిగతా డెబ్బై తొమ్మిది వంతులు బ్యాచ్ నడుస్తుండగా పైనుంచి కరుగుతూ రావాలి. క్యాటలిస్ట్ ఎంత చురుకైనదైనా కరిగి వచ్చిన హైడ్రోజన్‌నే కదా వాడగలదు.

వెసెల్‌లో ఏం జరుగుతోందో కొలవడానికి కొత్త పరికరం అక్కర్లేదు. హైడ్రోజన్ వాల్వ్ కట్టేసి, ప్రెషర్ ఒక బార్ పడడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో వాచీతో చూస్తే చాలు. 750 లీటర్ల బ్యాచ్ మధ్యలో నాలుగున్నర నిమిషాలు పట్టింది. పైన ఖాళీ 250 లీటర్లు, 50 డిగ్రీలు. ఒక బార్ అంటే 9.3 మోల్స్. నిమిషానికి 2.1 మోల్స్. మొత్తం 1,248 మోల్స్ కీటోన్‌కి పది గంటలు. బ్యాచ్ టైమ్‌తో సరిగ్గా సరిపోయింది.

ఆ వేగాన్ని లీటరుకి లెక్కేస్తే నిమిషానికి 2.8 మిల్లీమోల్స్. దాన్ని 21తో, సెకనులోకి మార్చడానికి 60తో భాగిస్తే గ్యాస్ ద్రవంలోకి చేరే గుణకం సెకనుకి 0.002 దగ్గర తేలుతుంది. మంచి హైడ్రోజనేటర్‌లో ఇది పదింతలకు పైగా ఉండాలి. 0.002 అంటే ఉపరితలం మీంచి మాత్రమే గ్యాస్ కరుగుతోందని అర్థం. డ్రాయింగ్ చెప్పిన మాటనే వాచీ కూడా చెప్పింది.

అయినా రెండు పరీక్షలు చేశాకే నమ్మాను. తొమ్మిదో బ్యాచ్‌ను కావాలనే 750 లీటర్లతోనే మొదలుపెట్టి, మొదటి రెండు గంటలు మామూలుగా నడిపాం. తర్వాత వెసెల్‌లోని గ్యాస్ వదిలి, నైట్రోజన్‌తో కడిగి, క్యాటలిస్ట్ రెట్టింపు చేశాం. నాలుగున్నర నిమిషాలు నాలుగుంపావు కూడా కాలేదు. క్యాటలిస్ట్ రెట్టింపైనా వేగం పెరగకపోతే ఇబ్బంది క్యాటలిస్ట్‌ది కాదు. తర్వాత అజిటేటర్ వేగాన్ని 180 నుంచి 230 ఆర్‌పీఎంకి పెంచాం. టైమ్ మూడున్నర నిమిషాలకు దిగింది. ల్యాబ్‌లో ఇదే పరీక్ష చేసినప్పుడు సరిగ్గా దీనికి తిరగబడ్డ ఫలితం వచ్చింది. అక్కడ 900 ఆర్‌పీఎం దాటాక వేగం పెంచినా తేడా లేదు, క్యాటలిస్ట్ రెట్టింపు చేస్తే రేటు రెట్టింపైంది. ల్యాబ్ ఆటోక్లేవ్‌లో (చిన్న ప్రెషర్ పాత్ర) మేం చూసింది కెమిస్ట్రీ వేగం, ప్లాంట్‌లో చూసింది హైడ్రోజన్ కరిగే వేగం.

ఈ నిమిషాల కొలతలో ఒక మోసం ఉంది. తర్వాత 600 లీటర్లతో నడిపినప్పుడు ఒక బార్ పడడానికి మూడున్నర నిమిషాల పైనే పట్టింది. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నిరాశపడ్డాడు, "సార్, పెద్ద తేడా లేదు" అన్నాడు. కానీ ఇప్పుడు పైన ఖాళీ 250 కాదు, 400 లీటర్లు. ఒక బార్ అంటే 15 మోల్స్. నిమిషానికి నాలుగు మోల్స్ పైన పోతోంది, అంటే పాతదానికి రెట్టింపు. నిమిషాలను నిమిషాలతో పోల్చకూడదు, మోల్స్‌లోకి మార్చాకే పోల్చాలి.

రెండు తప్పులు కలిస్తే ఏమైంది

ఇక్కడే నాకు ఈ కేసు అసలు పాయింట్ అర్థమైంది. యాసిడ్ ఉన్న క్యాటలిస్ట్ ఒక్కటే అయితే ల్యాబ్‌లో 2.6 శాతమే వచ్చింది. హైడ్రోజన్ అందకపోవడం ఒక్కటే అయితే ఏమవుతుంది? చూడాలంటే ప్లాంట్‌ను ల్యాబ్‌లోకి దించాలి. ఆటోక్లేవ్‌ను 200 ఆర్‌పీఎంకి తగ్గించి, బ్యాచ్ పది గంటలు పట్టేలా చేశాం. పాత మంచి లాట్‌తో ఇథైల్ బెంజీన్ 3 శాతం. యాసిడ్ లాట్‌తో 7.1 శాతం, ఈథర్ 1.3 శాతం. అచ్చం మా అయిదో బ్యాచే.

ఆల్కహాల్ నుంచి నీటిని ఊడబెరికేది, మిథనాల్‌ను తగిలించేది యాసిడ్. దానికి హైడ్రోజన్‌తో పని లేదు, టైమ్ ఉంటే చాలు. హైడ్రోజన్ అందక కీటోన్ నిదానంగా తరుగుతుంటే, ముందే తయారైన ఆల్కహాల్ అదే యాసిడ్‌లో గంటల తరబడి నానుతుంది. క్యాటలిస్ట్ లాట్ మూడు గంటల బ్యాచ్‌లో క్షమించదగ్గ తప్పు చేసింది. వెసెల్ ఆ తప్పుకి ఏడు గంటలు అదనంగా ఇచ్చింది. మేం సప్లయర్‌కి రాసిన మొదటి ఘాటు ఉత్తరాన్ని నేను ఇప్పటికీ సరైనది అనుకోను. వాళ్లు లాట్ మార్చి పంపినా ఇథైల్ బెంజీన్ 3 శాతం ఉండేది, టైమ్ పది గంటలే ఉండేది. రెండో ఉత్తరంలో పీహెచ్ హద్దు మాత్రమే అడిగాం, వాళ్లు ఒప్పుకున్నారు.

ఆలస్యానికి ఇంకో కొస ఉంది. రాత్రి షిఫ్ట్ వాళ్లు 'గ్యాస్ తీసుకోవడం ఆగేదాకా' నడపమన్న పాత అలవాటు ప్రకారం నడిపారు. ఈ రియాక్షన్‌లో అది ఎప్పటికీ ఆగదు. కీటోన్ అయిపోయాక ఆల్కహాల్ హైడ్రోజన్ తాగుతూనే ఉంటుంది. అయిదో బ్యాచ్‌లో సిలిండర్ బ్యాంక్ లెక్క తర్వాత తీసి చూస్తే, కీటోన్‌కి కావలసిన దానికంటే 6 శాతం ఎక్కువ పోయింది. ఇథైల్ బెంజీన్ ఎక్కడినుంచి వచ్చిందో ఆ 6 శాతమే చెబుతోంది, చదివేవాళ్లు ఉంటే.

మార్చినవి

బ్యాచ్‌ను 600 లీటర్లకు తిరిగి దించాం. రంధ్రాలను పైకి జరిపిన కొత్త షాఫ్ట్ చేయిద్దామని ఒక మాట వచ్చింది. ప్రెషర్ వెసెల్‌లో అలాంటి మార్పుకి మళ్లీ లెక్కలు, తనిఖీలు, నెలల ఆలస్యం. పైగా అవసరం లేదని తేలింది. 750 లీటర్లతో పది గంటలు, క్లీనింగ్, ఫిల్ట్రేషన్ కలిపితే రోజుకి ఒక్క బ్యాచ్, 150 కేజీలు. 600 లీటర్లతో నాలుగున్నర గంటలు అంటే రోజుకి రెండు బ్యాచ్‌లు, 240 కేజీలు.

హైడ్రోజన్ లెక్కను ఆపే గుర్తుగా పెట్టాం. 120 కేజీల కీటోన్ అంటే దాదాపు 1,000 మోల్స్, గది వేడి దగ్గర 24 ఘనపు మీటర్ల పైచిలుకు. 7 ఘనపు మీటర్ల సిలిండర్లు మూడున్నర. 95 శాతం పోయాక ఇరవై నిమిషాలకోసారి జీసీ. కీటోన్ 0.4 శాతం లోపుకు రాగానే హైడ్రోజన్ కట్టేసి, వదిలి, నైట్రోజన్ ఎక్కించి, చల్లార్చి ఫిల్టర్‌కి పంపాలి. ఎవరికోసమూ ఆగకూడదు.

వేగం పెరిగినందుకు కూలింగ్ లెక్క కూడా మళ్లీ చేశాం. అసిటోన్ ద్రవం ఐసోప్రోపనాల్ ద్రవంగా మారితే మోల్‌కి దాదాపు 70 కిలోజౌళ్ల వేడి వస్తుంది. మన కీటోన్‌కీ అంతే అనుకుంటే, మొత్తం బ్యాచ్ వేడి బయటకి పోకపోతే ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు పైగా పెరగొచ్చు. జాకెట్‌కి ఇది పెద్ద పని కాదు. కానీ 65 డిగ్రీలకే మరిగే మిథనాల్ లోపల ఉంది. అందుకే 58 డిగ్రీలు దాటితే హైడ్రోజన్ వాల్వ్ దానంతటదే మూసుకునేలా ఇంటర్‌లాక్ పెట్టాం. ఇక్కడ మన అదృష్టం ఏమిటంటే, హైడ్రోజన్ ఆపేస్తే, ద్రవంలో కరిగి ఉన్నదీ పైన ఖాళీలో ఉన్నదీ అయిపోగానే రియాక్షన్ ఆగిపోతుంది.

ఫిల్టర్ దగ్గర జరిగిన ఒక సంగతి దాచకూడదు. ఎనిమిదో బ్యాచ్ కేక్ (ఫిల్టర్ మీద మిగిలే క్యాటలిస్ట్ ముద్ద) తీసేటప్పుడు ఫిల్టర్ క్లాత్ అంచున కొంచెం క్యాటలిస్ట్ ఎండిపోయింది. గాలి తగలగానే నిప్పు కణికలా ఎర్రబడింది. పక్కనే మిథనాల్ తడి ఉంది. ఆపరేటర్ తడి గోనె పట్టా వేసి ఆర్పేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. హైడ్రోజన్ పీల్చుకున్న పల్లేడియం కార్బన్ మిథనాల్ ఆవిరి మధ్య ఎండితే అగ్గిపుల్ల అవసరం లేదు. అప్పటినుంచి కేక్‌ను నైట్రోజన్ కిందే నీళ్లతో రెండుసార్లు తడిపి, తడిగానే డ్రమ్ములోకి ఎత్తడం తప్ప వేరే పద్ధతిని నేను ఒప్పుకోలేదు.

పదో బ్యాచ్ 600 లీటర్లతో, బైకార్బనేట్‌తో, అదే యాసిడ్ లాట్‌తో నడిచింది. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. కీటోన్ 0.3 శాతం, ఇథైల్ బెంజీన్ 0.9 శాతం, ఈథర్ కనపడలేదు. మొదలుపెట్టిన పది నిమిషాలకు ఆపరేటర్ ఫోన్ చేశాడు. ఏమీ చెప్పకుండా ఫోన్‌ను వెసెల్ దగ్గర పట్టుకున్నాడు. గుడగుడ వినిపించింది.

బ్యాచ్ షీట్‌లో ఇప్పుడు మూడు కొత్త గడులు ఉన్నాయి. క్యాటలిస్ట్ లాట్ నీటి పీహెచ్, వాల్వ్ కట్టేసి కొలిచిన మోల్స్ రేటు, అజిటేటర్ చప్పుడు ఉందా లేదా. మూడో గడి చూసి ఆడిట్‌కి వచ్చినాయన అభ్యంతరం చెప్పాడు, అది కొలత కాదని. సైట్ గ్లాస్‌లో బుడగలు కనిపించాయా అని దాని పక్కన ఇంకో గడి చేర్చాం, పాతది తీయలేదు.

ఆ తర్వాత క్యాటలిస్ట్‌ను మళ్లీ వాడడం మీద పని చేశాం. రెండోసారి అయిదు గంటలు పట్టింది, మూడోసారి ఆరున్నర. మూడోసారికి ఇథైల్ బెంజీన్ 1.9 శాతానికి చేరింది. నాలుగోసారి వాడలేదు. తడి కేక్‌ను పల్లేడియం రికవరీకి పంపేశాం.